నాలుగో నంబరు వాచీ

రోగుల రక్తం ముట్టుకునే ముందు, ఫలితం ముందే తెలిసిన నమూనా ఒకటి మిషనులో పెట్టి చూసింది సూదక్క. అంకె సరిపోయింది. సరిపోని రోజున మిషను మీద తెల్ల టేపు అంటించి, 'వాడకండి' అని రాసి పక్కకు తప్పుకుంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పద్ధతి. ఆసుపత్రిలో అందరూ ఆమెను సూదక్క అనే అంటారు. అసలు పేరు జీతం చీటీలో తప్ప ఎక్కడా కనిపించదు.

పది గంటలకు కోటు విప్పి, చేతులు కడుక్కుని కాలేజీకి నడిచింది. డిగ్రీ ఉంటేనే సీనియర్ టెక్నీషియన్ పోస్టు. లేకపోతే తను సూది పట్టడం నేర్పిన పిల్లే రేపటి నుంచి తన మీద అధికారి. మొక్కలు, జంతువులు, కణాలు అన్నీ మంచి మార్కులతో గట్టెక్కాయి. జీవశాస్త్రం చదివేవాళ్ళకి తగిలించిన ఫిజిక్సు ప్రాక్టికల్ ఒక్కటే రెండుసార్లు తన్నేసింది. ఇవాళ ఆఖరి అవకాశం. "ఈ వయసులో నీకెందుకే చదువు?" అని మొగుడు పొద్దున కూడా అన్నాడు.

దారానికి ఇనుప గుండు వేలాడుతోంది. ఇరవై ఊపులకు ఎంతసేపు పడుతుందో చూసి, భూమి ఆకర్షణ లెక్క కట్టాలి. తొమ్మిది పాయింట్ ఎనిమిది రావాలి. మూడుసార్లు చూసినా ఆమెకు పదిన్నరే వచ్చింది.

ల్యాబు అటెండరు పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "జవాబు తెలుసు కదక్కా. అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టెయ్యండి. అందరూ చేసేదదే."

"చూడని అంకె ఎలా రాయను తమ్ముడూ?"

అన్నదే గాని, రబ్బరు చేతిలోకి తీసుకుంది. రెండంకెలు చెరిపితే పోస్టు తనది. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత రబ్బరు కింద పెట్టి, తనకిచ్చిన నాలుగో నంబరు స్టాప్‌వాచీని తన చేతి గడియారం పక్కన పెట్టి చూసింది. నిమిషం గడిచేసరికి అది యాభై ఎనిమిది సెకన్లే చూపించింది.

వాచీ నెమ్మదిగా నడుస్తోందని చెబితే లెక్చరర్ దాని వైపు చూడను కూడా లేదు. "పదేళ్ళుగా ఈ వాచీతోనే పిల్లలందరికీ తొమ్మిది పాయింట్ ఎనిమిది వస్తోందమ్మా. మీ ఒక్కరికే చెడిపోయిందా?"

"వాళ్ళకి వచ్చింది కాదు సార్, తెప్పించుకున్నది."

ఆయన ముఖం మాడిపోయింది. పదిన్నర చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, సంతకం పెట్టి రికార్డు తోసేశాడు.

ఆమెకు ఏడుపు రాలేదు. బల్ల దగ్గర కాసేపు వంగి ఏదో సర్ది, సంచి భుజాన వేసుకుంది. "వస్తా తమ్ముడూ" అంది అటెండరుతో, మళ్ళీ రానని తెలిసే. మెట్లు దిగి ఆసుపత్రి వైపు నడిచింది. సాయంత్రం డ్యూటీకి ఇంకా టైముంది.

మధ్యాహ్నం బ్యాచీకి అటెండరు అదే వాచీ ఇచ్చాడు. అందరికీ తొమ్మిది పాయింట్ ఎనిమిదే వచ్చింది. వాళ్ళు వెళ్ళిపోయాక వాచీ బల్ల మీద బోర్లా పడి ఉంది, దాని వీపున తెల్ల టేపు, టేపు మీద గుండ్రటి అక్షరాలు: 'నిమిషానికి రెండు సెకన్లు తక్కువ. వాడకండి.'