రేపటి పులుసు

తవుడూ బెల్లమూ కలిపిన ముద్దను మళ్లీ గాలానికి గుచ్చి, వెంకటనారాయణ గోపన్‌పల్లి చెరువులోకి విసిరాడు. పొద్దు పొడిచినప్పటి నుంచీ చేపలు ఆ ముద్దను సుఖంగా ఆరగించి పోతున్నాయే తప్ప, ఒక్కటీ చిక్కలేదు. యాభై దాటిన మనిషి, వంగిన వీపు, మోకాళ్ల దాకా మడిచిన ఖాకీ ప్యాంటు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన కంప్యూటర్ల మేడ ముందు పచ్చికకు నీళ్లు పెట్టే మోటారు అతని చేతికింద ఉంటుంది. అక్కడ ఆ మోటారు తప్ప అతన్ని పలకరించేవాళ్లు తక్కువ.

"ఏందన్నా, గిట్లనే కూసున్నవ్? ఇయ్యాల డ్యూటీ లేదా?" గేదెలు తోలుకొచ్చిన బుగ్గయ్య అడిగాడు.

"మధ్యాహ్నం ఎక్కాలి. ఒక్కటి పడితే చాలు బుగ్గయ్యా, మా ఆవిడ నోరు తెరిచి అడిగింది."

పుణ్యవతి మంచం పట్టి చాలా నెలలైంది. పెద్దాసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నాక గంజి తప్ప ఏదీ ఆమె గొంతు దిగడం లేదు. అలాంటిది నిన్న, "మన కొల్లేటి పులుసు తినాలనుందండీ" అంది. ఈ ఊరు రాకముందు కొల్లేటి లంకలో ఉన్నప్పుడు గుమ్మంలోంచి చెయ్యి చాపితే చేప దొరికేదని ఇరుగుపొరుగు దగ్గర గొప్పలు పోయేది. పచ్చి అబద్ధం. ఇప్పుడతనికి ఆ అబద్ధం మీద కూడా బెంగగా ఉంది.

బెండు మునిగింది. మూరెడు బొచ్చె చేప, ఎండకు తెల్లగా మెరుస్తూ ఒడ్డున పడింది. వెంకటనారాయణ గాలం కూడా చుట్టకుండా ఇంటికి పరుగెత్తాడు.

పొలుసు గీకి, ఉప్పేసి రాతి మీద రుద్ది, ముక్కలు కోసి మట్టి దాకలో వేశాడు. మంచం మీంచే ఆవిడ పెత్తనం.

"గరిటె పెట్టకండి, ముక్క చితుకుతుంది. దాకనే పట్టుకుని తిప్పండి."

ఉడికాక ఆమె అరచేతిలో చుక్క పులుసు వేశాడు. నాకి, కళ్లు మూసుకుంది.

"కుదిరింది."

"రెండు ముద్దలు కలిపి పెట్టనా?"

"చేపల పులుసు వండిన పూటే తింటారా ఎవరైనా? రేపు పొద్దున చద్దన్నంలో తింటాను."

ఆ మాట కాదనే కొల్లేటివాడు పుట్టలేదు. అయినా బలవంతం చేద్దామనుకున్నాడు. కానీ ఆమె నోట "రేపు" అన్న మాట విని ఎన్నాళ్లయిందో! ఆ సంతోషంలో బలవంతం మానుకున్నాడు. దాక మీద పళ్లెం మూసి, పిల్లి భయానికి రాయి పెట్టి, పక్కింటి అమ్మణ్ణిని చూస్తుండమని సైకిలెక్కాడు. ఆ రోజు పచ్చికకు కాస్త ఎక్కువే నీళ్లు పెట్టాడు.

దీపాలు పెట్టే వేళకు వచ్చేసరికి అమ్మణ్ణి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నిద్దర్లోనే పోయినాదన్నా. పిల్చినా, పలకలేదు."

అతను పుణ్యవతి చెయ్యి అందుకున్నాడు. అరచేతిలో పసుపు మరక ఇంకా ఉంది. ఒక్క ముద్దయినా పెట్టలేకపోయానే అని అప్పుడు ఏడ్చాడు.

మర్నాడు పొద్దున శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేసి, పొయ్యి దగ్గర కూలబడ్డాడు. రాయి తీసి, పళ్లెం ఎత్తాడు. నూనె పైకి తేలి, ముక్కలు పులుపు పట్టి, దాక నిండుగా ఉంది.