నాలుగో అక్షరం

వంటింట్లో కప్పులు కడుగుతుంటే హాల్లోంచి మా ఆయన గొంతు వినిపించింది. "ఆ రోజుల్లో బండంటే అదీ. ఒక్క తోపు చాలు, స్టార్టయిపోయేది." ఎదురుగా కూర్చున్న పళ్ళ డాక్టరు ఔనౌనంటున్నాడు. ఆయనకూ ఆ కాలపు కారే ఉండేది, దాని హారన్ గురించి చెప్పడానికి తన వంతు కోసం కాచుకుని కూర్చున్నాడు. కుర్రతనంలో నడిపిన కార్ల గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ మగవాళ్ళ మొహాలు భలే మెత్తబడతాయి. నా పురుడు గురించి చెప్పేటప్పుడు కూడా మా ఆయన మొహం అంత మెత్తబడగా నేను చూడలేదు. ఈ ఒక్క తోపు కథ పదిహేనేళ్ళుగా వింటున్నాను. తోసిందెవరో అందులో ఎక్కడా రాదు. టీ మరక వదలకపోతే ఇంకొంచెం గట్టిగా తోమాను.

తోసింది నేనే.

ఆ కారు మామగారిది. ఆయన పోయాక మా ఆయన చేతికొచ్చింది. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి వీపు, స్టీరింగ్ పక్కనే గేరు. చూడటానికి ముచ్చటగా ఉండేది, కాదనను. కానీ బ్యాటరీ ఎన్నిసార్లు మార్చినా పొద్దున్నపూట దానంతటది లేచేది కాదు. రోజూ ఎనిమిదింపావుకి మా ఆయన స్టీరింగ్ ముందు కూర్చునేవారు. పక్కన అత్తగారు. వెనక సీట్లో మా అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని వెనకద్దంలోంచి నన్ను చూస్తూ ఉండేది. నేను కొంగు నడుముకి దోపుకుని, డిక్కీ మీద చేతులానించి తోసేదాన్ని. మా వీధి కాస్త పల్లం కాబట్టి సరిపోయింది. ఒకసారి లేచాక ఆపితే మళ్ళీ ఆగిపోతుందని మా ఆయన ఆపేవారు కాదు. అమ్మాయిని బడి దగ్గర, అత్తగారిని ఆవిడ అక్కగారింటి దగ్గర దింపి తన ఆఫీసుకి పోయేవారు. నా ఆసుపత్రి రెండో వైపు. నేను బస్సెక్కేదాన్ని. ఎక్కని కారుని పదకొండేళ్ళు తోశాను.

తోసి స్టార్ట్ చెయ్యడంలో ఒక కిటుకుంది. లోపలున్న మనిషి గేరులో పెట్టి క్లచ్ తొక్కిపట్టుకోవాలి. బండి ఊపందుకోగానే టక్కున క్లచ్ వదలాలి. ముందు వదిలినా, వెనక వదిలినా లేవదు. ఆ ఊపు ఎప్పుడొచ్చిందో లోపల కూర్చున్నవాళ్ళకి తెలియదు, తోసే చేతులకి తెలుస్తుంది. అందుకని వెనక నుంచి నేనే "వదులు" అని అరిచేదాన్ని. మొదటి రెండు రోజులూ మొదటి తోపుకే లేచింది. మూడో రోజు అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టారు. "కట్టుకున్నవాణ్ణి పట్టుకుని నడివీధిలో వదులు గిదులు అంటావేం? నలుగురూ వింటే ఏమనుకుంటారు?" మా ఆయన అద్దంలో క్రాపు సరిచేసుకుంటూ, "పోనీ అండీ అను, నీ సొమ్మేం పోయింది" అన్నారు.

నా సొమ్మేం పోయిందో చెప్తాను. వదులు అంటే మూడక్షరాలు. వదలండి అంటే నాలుగు. ఆ నాలుగో అక్షరం నోట్లోంచి ఊడిపడేలోగా ఊపు కాస్తా చచ్చేది. బండి ఒక కుదుపు కుదిపి వీధి మధ్యలో నిలబడేది. కాస్త ముందు నుంచే అనడం మొదలుపెట్టమ్మా అని అత్తగారు సలహా ఇచ్చారు. అలాగూ చేసి చూశాను, ఊపు రాకముందే వదిలేసేవారు. అలా ఒక్కోరోజు మూడుసార్లు తోయాల్సి వచ్చేది. ఆయన మర్యాద ఆయనకి దక్కింది, నా నడుము నాకు దక్కలేదు. ఇప్పుడా రెండో తోపూ మూడో తోపూ కథలోంచి జారిపోయాయి.

ఆసుపత్రి ల్యాబులో నా పని రక్తం తియ్యడం. రోగులు పొద్దున్నే పరగడుపున వచ్చి బెంచీ మీద వరసగా కూర్చునేవాళ్ళు. నా చేతులింకా వణుకుతూ ఉండేవి. ఆ చేతులతో ఎవరి నరంలో సూది గుచ్చను? కుళాయి కింద పెట్టుకుని, వణుకు తగ్గేదాకా ఐదు నిమిషాలు నిలబడేదాన్ని. ల్యాబు పెద్ద డాక్టరు రోజూ చూసేవాడు. ఒకరోజు రోగుల ముందే, "ఈవిడ ఇంటి దగ్గర ఏం వెలగబెట్టి వస్తుందో గానీ, ఇక్కడికొచ్చి స్నానం చేస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. మర్యాదకి నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ కోపం వస్తుంది.

రెండో క్లాసులో మా అమ్మాయి ఇంటి బొమ్మ గియ్యమంటే కారు బొమ్మ గీసింది. కార్లో నాన్న, బామ్మ, తను. వెనక ఇంత పెద్ద చేతులతో ఒక మనిషి. ఇదెవరని టీచరడిగితే, "అమ్మ. అమ్మ కార్లో ఉండదు, కారుకి ఉంటుంది" అందట. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. మా ఆయన ఇప్పటికీ ఆ జోకు చెప్తారు.

నాకు ఆ కారంటే బెంగ లేదనుకునేరు. ఉంది. ఇంజను అందుకున్న క్షణాన చేతుల్లోంచి బరువంతా ఒక్కసారిగా పోయేది. ఒళ్ళు తేలికై, తూలి పడబోయి నిలదొక్కుకునేదాన్ని. ఆ తేలిక నాకెంతో ఇష్టం. దాన్ని కారు లోపలి నుంచి ఒక్కసారి చూడాలని ఉండేది. నలభై రెండో ఏట డ్రైవింగ్ స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకున్నాను. "నేర్చుకో, మంచిదే. కానీ అది నీ చేతికి లొంగే బండి కాదు" అన్నారు మా ఆయన. ఆ మాటన్న కొన్నాళ్ళకే దాన్ని అమ్మేశారు. లైసెన్సు కరెంటు బిల్లుల కవరులో ఉండిపోయింది. గడువైపోయినప్పుడల్లా వెళ్ళి పొడిగించుకుని వస్తున్నాను.

పోయినేడాది రిటైరయ్యాక మా ఆయన ఎక్కడో షెడ్డులో పడున్న అలాంటిదే ఇంకో కారు పట్టుకొచ్చారు. ఏడాదంతా దానికి సేవ చేశారు. ఆదివారం పాత కార్ల ఊరేగింపు, నువ్వూ రావాలి, పాతకాలం చీర కట్టుకుని పక్కన కూర్చుంటే బాగుంటుంది అన్నారు. కొంచెం దూరం నేను నడపనా అనడిగాను. నా వంక చూసి, అమ్మాయి చిన్నప్పుడు చందమామని అడిగినప్పుడు నవ్వినట్టు నవ్వారు.

మైదానంలో ఇరవై కార్లు, అన్నీ పెళ్ళికొడుకుల్లా నిగనిగలాడుతూ. మైకులో మా వంతు చెప్పారు. మా ఆయన తాళం తిప్పారు. కుయ్‌మని మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పారు. మూలుగు కూడా లేదు. ముందున్న కార్లు కదిలిపోతున్నాయి, జనం మా వైపే చూస్తున్నారు. పక్క కారులోంచి పళ్ళ డాక్టరు దిగి, నేను తోస్తానన్నాడు.

"మీకెందుకండీ శ్రమ," అన్నారు మా ఆయన. "ఆవిడకి అలవాటే."

నా వైపు చూడలేదు. చూడనక్కరలేదు కదా, నేను దిగుతున్నాను. నిజంగానే అలవాటు. వెనక్కి నడిచాను, కొంగు దోపుకున్నాను, చేతులు వాటంతటవే డిక్కీ మీద రెండు వైపులా సరిగ్గా పాత చోటే ఆనుకున్నాయి. అప్పుడు వాటిని చూశాను. అరవైకి దగ్గరపడిన చేతులు. చీరకి తుడుచుకుని, కారు చుట్టూ తిరిగి వెళ్ళి డ్రైవరు వైపు తలుపు తీశాను.

"దిగండి."

"ఏమైంది?"

"మీరు తోయండి. నేను వదులుతాను."

నలుగురూ వింటున్నారు. నలుగురి సంగతి మా ఇంట్లో ఎంత పెద్దదో మీకు చెప్పాను కదా. ఆయన దిగారు.

సీటు ముందుకు జరుపుకున్నాను. గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టుకున్నాను. వెనక ఆయనా డాక్టరూ ఒగరుస్తూ తోస్తున్నారు. బండి కదిలింది. "వదులు" అని వినిపించింది. తొందరపడ్డారు. ఇంకా ఊపు రాలేదు. ఇంకో నాలుగడుగులు తోయనిచ్చాను. ఊపు తోసేవాళ్ళకే తెలుస్తుందన్నాను, పదకొండేళ్ళు తోసినవాళ్ళకి లోపల కూర్చున్నా తెలుస్తుంది. వదిలాను. బండి ఒక్క ఉలుకు ఉలికి అందుకుంది.

"ఆపు, నేనెక్కాలి" అన్నారు. ఆపితే ఆగిపోతుంది. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే. అద్దంలో చూస్తే తూలి, నిలదొక్కుకుని, నా వెనక పరుగెత్తుతున్నారు. "ఆపవే" అన్నారు. తరువాత, "ఆపండి" అని వినిపించింది. అది ముందున్న వాలంటీర్లతో, నన్ను ఆపమని. ఆ అండీ నాకు కాదని తెలుసు. అయినా నేనే పుచ్చుకుని, పై గేరుకి మార్చాను.