ఐసు పెట్టిన డబ్బా

ఉప్పునీళ్ల తొట్టిలోంచి ఇనుప డబ్బాను పైకి లాగి, పక్కనున్న మంచినీళ్ల గుంతలో ఒకసారి ముంచి వంచాడు సిద్దయ్య. లోపలి ఐసు దిమ్మ జారి చెక్కబల్ల మీద పడింది. దాన్ని కొక్కెంతో గుంజి, ఊక చల్లి, గోనె కప్పి మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లాడు. బయట ఎండ అప్పుడే మండిపోతోంది. లోపల గోడలకు చెమటలు పట్టాయి. అమ్మోనియా వాసన ముక్కులో ముల్లులా గుచ్చుతోంది.

నాచారంలోని ఆ ఐసు ఫ్యాక్టరీకి అతను మీసాలు రాకముందు వచ్చాడు. ఉన్న కాస్త పొలం ప్లాట్లయిపోయాక తండ్రి తెచ్చి అప్పజెప్పి పోయాడు. ఇప్పుడు మీసాలు తెల్లబడ్డాయి. వేళ్ల కొసలు కూడా తెల్లగా, మొద్దుబారి ఉంటాయి. వేడి చాయ్ గ్లాసు పట్టుకున్నా వాటికి తెలియదు. ఇన్నేళ్లలో అతనికి గట్టిగా తెలిసింది ఒక్కటే. చేపకైనా, పాలకైనా, దూరంనుంచి చుట్టాలొచ్చేదాకా ఉంచాల్సిన శవానికైనా ఐసు పెడితే ఆగుతుంది. పెట్టకపోతే పోతుంది.

రక్తం మోసే పని జగన్ అంటించాడు. ఫ్యాక్టరీ ఎదురుగా మెకానిక్ షెడ్డు అతనిది. అర్జెంటుగా రక్తం కావలసిన దవాఖానాలకు పైసా తీసుకోకుండా బండ్ల మీద చేర్చే గుంపు ఒకటి కట్టాడు. డబ్బాల్లోకి ఐసు కోసం సిద్దయ్య దగ్గరికి వచ్చేవాడు. ఒకరోజు మనిషి తక్కువపడి, నీకు బండుంది గద మామా, జర పోయి ఇచ్చిరా అన్నాడు. సిద్దయ్య వెళ్లాడు. దవాఖానా గేటు దగ్గర ఎవరో ఆడమనిషి అతన్ని చూడగానే ఏడుస్తూ చేతులు జోడించింది. ఒక మనిషి తన కోసం అట్లా ఎదురుచూడటం అతనికి అదే మొదలు.

ఇంటిదగ్గర భార్య బాలనర్సమ్మ దెప్పేది. ఇంట్లో గ్యాసు బండ మార్చనీకి చాతగాదుగానీ లోకాన్ని బతికిస్తడట అనేది. అంటూనే, గుంపువాళ్లిచ్చిన కోటును తానే ఉతికి ఆరేసేది.

ఆ పొద్దు జగన్ ఫోన్ చేశాడు. అతను అన్నోజిగూడ దగ్గర బండి పంక్చరై నిలబడ్డాడట. లాలాపేట్ బ్లడ్ బ్యాంకులో ఒక డబ్బా సిద్ధంగా ఉంది, పీర్జాదిగూడ అవతలి దవాఖానాకు చేర్చాలి. పూర్ణిమ అని డిగ్రీ చదివే పిల్ల, రక్తంలో క్యాన్సరు, చిగుళ్లలోంచి నెత్తురు ఆగడం లేదు.

"మామా, ప్లేట్‌లెట్లు. జల్ది పోవాలె," అన్నాడు. ఆ పేరు విన్నాడుగానీ, సిద్దయ్య అంతవరకూ మోసిందంతా ఎర్ర రక్తమే. ప్లేట్‌లెట్లు ఎప్పుడూ జగనే తీసుకెళ్లేవాడు.

కౌంటర్లోని సాయిప్రియ సంతకం పెట్టించుకుని డబ్బా చేతికిచ్చింది. సిద్దయ్య అలవాటుగా మూత తీసి చూశాడు. లోపల గంజిలాంటి లేతపసుపు సంచి ఒక్కటే ఉంది. ఐసు లేదు. చెబుదామని తలెత్తేసరికి, వెనకనుంచి ఎవరో పెద్దమనిషి ఏదో తప్పుకు ఆ పిల్లను గట్టిగా తిడుతున్నాడు. ఇప్పుడు ఇది కూడా చెబితే పాపం ఏడుస్తుంది. దారిలో మన ఫ్యాక్టరీయేగా అనుకుని మూత పెట్టేశాడు.

ఫ్యాక్టరీ దగ్గర ఆగి, మంచి తేటగా ఉన్న దిమ్మ ఏరి పగలగొట్టాడు. ముక్కలను కవర్లో మూటగట్టి సంచికి కిందా పైనా సర్దాడు. అంత శ్రద్ధగా అతను ఏ చేపలకూ పెట్టలేదు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సుల మధ్య ఇరుక్కున్నప్పుడు, పైవంతెన స్తంభాల దుమ్ములో ఎండ మాడుస్తున్నప్పుడు, కాలికి తగులుతున్న డబ్బాను చూసుకుని నిమ్మళంగానే ఉన్నాడు.

పూర్ణిమ తండ్రి కరుణాకర్ రోడ్డు మీదికే ఎదురొచ్చాడు. రైల్వేలో పని, చొక్కా మీద ఇంకా డ్యూటీ బిళ్ల ఉంది. ఇద్దరూ కలిసి ల్యాబుకు పరుగెత్తారు. ల్యాబు మనిషి మూత తీసి, సంచిని ముట్టుకుని ఆగిపోయాడు. కిటికీ వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ వంచాడు. బతికున్న ప్లేట్‌లెట్లు వెలుగులో పొగ సుడి తిరిగినట్టు కదులుతాయట. అందులో ఏమీ కదలలేదు.

"ఐసు ఎవరు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన సార్. వాళ్లు మర్సిన్రనుకున్న."

"వీటికి సల్లదనం పడదు పెద్దాయనా. ఇగ ఇది ఎక్కించలేం."

సిద్దయ్య సంచిని తన చేతిలోకి తీసుకుని రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దసాగాడు. ల్యాబు మనిషి మెల్లగా దాన్ని లాక్కున్నాడు. కరుణాకర్ తిడతాడనుకున్నాడు సిద్దయ్య. కొట్టినా బాగుండేది. ఆయన ఒక్కటే అడిగాడు.

"ఇంకోటి దొర్కుతదా అన్నా?"

బ్లడ్ బ్యాంకులో అదే గ్రూపుది ఇంకో సంచి లేదు. జగన్ ఎవరెవరికో ఫోన్లు చేసి, రామంతాపూర్‌లో ఉండే ధీరజ్ అనే దాతను పట్టుకొచ్చాడు. అతన్ని మిషను మీద పడుకోబెట్టి తీయడం, పరీక్షలు చేయడం అయ్యేసరికి పొద్దు వాలింది. అంతసేపూ సిద్దయ్య బ్లడ్ బ్యాంకు బయట కూర్చుని, మొద్దు వేళ్లను ఒక్కొక్కటే కొరుకుతూ, నొప్పి తెలుస్తుందా అని చూసుకున్నాడు. తాను తీసుకెళ్తానన్నాడు జగన్. సిద్దయ్య ఒప్పుకోలేదు. చివరికి జగన్ బండి తోలాడు. సిద్దయ్య వెనక కూర్చుని డబ్బాను ఒళ్లో పెట్టుకుని, ప్లేట్‌లెట్లు కదులుతూ ఉండాలని బ్లడ్ బ్యాంకువాళ్లు చెప్పినందుకు, చంటిపిల్లను ఊపినట్టు దారంతా ఊపుతూనే ఉన్నాడు.

రోడ్డు మీద ఎవరూ ఎదురు రాలేదు. ల్యాబు మనిషి సంచిని వెలుతురుకు ఎత్తి చూసి, బాగుందన్నాడు. తర్వాత వార్డుకు ఫోన్ చేశాడు. విని, పెట్టేశాడు. వేరే పేషెంటుకు వాడతామని జగన్‌తో అన్నాడు.

సిద్దయ్య మెట్లెక్కి వార్డులోకి వెళ్లాడు. తలలోపల నెత్తురు కారిందని, పిల్లను ఇంటివాళ్లు ఇప్పుడే తీసుకుపోయారని నర్సు చెప్పింది. పొద్దున ఎక్కించి ఉంటే బతికేదా అని అడిగాడు. చెప్పలేమంది ఆమె. అతను మళ్లీ అడిగాడు. ఆమె అతని కోటు వైపు చూసి, ఇంటికి పో తాతా అంది.

ఆయా మంచం తుడుస్తోంది. దుప్పటి, మందుల కవరు, నీళ్ల సీసా అన్నీ తీసేసింది. సెలైను స్టాండు కొక్కేనికి జడకు పెట్టుకునే గులాబీ రంగు రబ్బరు బ్యాండు ఒకటి ఉండిపోయింది. ఆ పిల్ల తలకు ఎన్నో నెలలుగా వెంట్రుకే లేదని, మళ్లీ జుట్టొస్తే పెట్టుకుంటానని తనే అక్కడ తగిలించిందని ఆయా చెప్పింది. చెప్పి, స్టాండును పక్కకు జరిపి, కింద నేల తుడిచి వెళ్లిపోయింది. ఫ్యాను గాలికి ఆ బ్యాండు కొక్కేనికి మెల్లగా ఊగుతోంది, ఒక పొడుగాటి వెంట్రుక ఇంకా చుట్టుకుని.