హెలికాప్టర్ తోకకు గొడుగు ఊచ

రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక తాళాల మేస్త్రి తలుపుకు గడియ వేసి, పడిందో లేదో రెండోసారి లాగి చూసి, కునుకు తీస్తాడు. భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుంటుంది. బీరువా మీదున్న బొమ్మ హెలికాప్టర్ కాసేపు గురగురమని, కిటికీలోంచి బయటికి వెళ్లిపోతుంది. దానికి బ్యాటరీ లేదు, రిమోట్ ఇంట్లోనే లేదు. అయినా వెళ్తుంది, పొద్దువాలేలోగా వస్తుంది. డాబాల మీద బట్టలారేసేవాళ్లు తీగ కాస్త పైకెత్తి దానికి దారి ఇస్తారు.

మేస్త్రి బాధ అది ఎగురుతోందని కాదు, ఎక్కడికెళ్తోందని. ఈమధ్య వచ్చిన ప్రతిసారీ తోక చివరి చిన్న ఫ్యాను విరిగే ఉంటోంది.

"ఇది అన్నయ్య పనే. రిమోట్ ఆయన దగ్గరుందిగా! నొక్కి పిలిపించుకుని, తోక విరిచి పంపుతున్నాడు."

"మీ అన్నయ్యకి ఇంకేం పని లేదా?" అంది భార్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"నీకు తెలీదు. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుంటాడు గానీ..."

అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు ఒకే దుకాణం నడిపారు. ఆ హెలికాప్టర్‌ని ముక్కా ముక్కా బిగించిందీ ఇద్దరే. ఒకరోజు దుకాణంలో, ఏ తాళానికైనా పట్టే తాళం చెవి కనిపించలేదు. "నువ్వే తీశావు" అనేశాడు తమ్ముడు. అన్న రిమోట్ ఒక్కటీ పట్టుకుని వెళ్లిపోయాడు. పక్క వీధిలో మేడగదిలో ఒంటరిగా ఉంటూ కత్తెర్లకు సాన పెడుతున్నాడు. తర్వాత తాళం చెవి సొరుగు వెనక సందులో దొరికింది. దాన్ని గుత్తిలో వేసుకుని మేస్త్రి ఊరుకున్నాడు. నింద వెయ్యడానికి క్షణం పట్టలేదు, దొరికిందని చెప్పడానికి ఇన్నేళ్లయినా నోరు రాలేదు.

పాత గొడుగు ఊచ ఒకటి వంచి, ఫ్యాను కింద సగం చట్రంలా దారంతో బిగించాడు. ఇక ఎవడు కొట్టినా ముందు ఊచకే తగలాలి.

"ఆ కొస కొక్కెంలా వంచేశారేంటి? ఎక్కడైనా పట్టుకుంటుందేమో!"

చూసుకుంటే నిజమే. తాళాలు తెరిచే తీగను వంచి వంచి అలవాటైన చెయ్యి, తనకు తెలియకుండానే వంచేసింది. తప్పని ఒప్పుకునే మనిషా? "కావాలనే వంచాను" అన్నాడు.

ఆ రోజు హెలికాప్టర్ తిరిగి రాలేదు.

పొద్దువాలుతుండగా మేస్త్రి చరచరా పక్క వీధికి నడిచాడు. అన్న గది కిటికీ ఊచలకు కొక్కెం తగులుకుని హెలికాప్టర్ గిలగిలా కొట్టుకుంటోంది. మూసిన అద్దాన్ని ముక్కుతో టకటకా పొడుస్తోంది.

"దొరికాడు దొంగ!" అనుకుంటూ మెట్లెక్కి తలుపు బాదాడు. పలుకు లేదు. లోపల నక్కి ఉంటాడనుకున్నాడు. అలవాటుకొద్దీ తాళం కన్నానికి చెవి ఆనించాడు. సన్నగా మూలుగు వినిపించింది.

చేతిలో పనిముట్లు లేవు, గుత్తిలో ఆ తాళం చెవి తప్ప. దాంతో తలుపు తీస్తే ఇన్నేళ్ల గుట్టూ బయటపడుతుంది. మళ్లీ మూలుగు వినిపించింది. తాళం చెవి తిప్పాడు.

పడిపోయిన స్టూలు పక్కన, కాలు మెలిపడి, అన్న నేల మీద ఉన్నాడు. అలమరలో రిమోట్ మూత ఊడి ఉంది. దాని బ్యాటరీలు గోడ గడియారంలో ఉన్నాయి.

అన్న చూపు తలుపుకున్న తాళం చెవి మీద పడింది. "దొరికిందా?"

"ఎప్పుడో దొరికింది అన్నయ్యా. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

అన్న కళ్లు మూసుకున్నాడు. "అది రోజూ వచ్చి కిటికీ కొట్టేది. నీమీద కోపంతో తీసేవాణ్ని కాదు. లోపలికి రావాలని చూసి, ఊచల్లో తోక విరగ్గొట్టుకుని పోయేది. ఇవాళ పోలేదేంట్రా?"

"తోకకి ఊచ కట్టాను. నీమీద అనుమానంతో."

"మంచి పని చేశావు. ముందు నీళ్లియ్యి."

మేస్త్రి అన్న తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు పట్టాడు. కింది వాటావాళ్లను కేకేశాడు. తాళం చెవి తలుపుకే ఉండిపోయింది, తలుపు బార్లా తెరిచి ఉంది. మేస్త్రి అటు తిరిగి కూడా చూడలేదు.