రొట్టె మోసింది నేనే

సల్మె మొగుడు ఎవాల్డ్ అడవి పట్టి మూడేళ్లయింది. సోవియట్ సైన్యం ఎస్టోనియాను రెండోసారి ఆక్రమించుకున్నాక ఆ ఊరి మగవాళ్లు మరో నలుగురు కూడా తుపాకులతో అలాగే అడవిలోకి పోయారు. సల్మె బావి దాకా వెళ్లినా వెనక సోవియట్ పోలీసు, మిలీషియావాడు ఒకడు తగిలేవాడు. అందుకని పక్కింటి లెయిడా, మొగుడు పోయిన మనిషి, కట్టెలు ఏరే నెపంతో వారానికోసారి రొట్టె మోసుకెళ్లేది.

కాల్చేది సల్మె, కళ్లారా చూసొచ్చేది లెయిడా. అదే సల్మెకు కడుపులో కుంపటి.

"దగ్గు తగ్గిందక్కా. గడ్డం ఇంత పెంచాడు, నేనే కత్తిరించి వచ్చాను," అంది లెయిడా ఒకరోజు తలగుడ్డ విప్పుతూ.

"కత్తెర పట్టే మగాడే లేడా అక్కడ?"

"ఉన్నాడు. చెవి తెగ్గోస్తాడని మీ ఆయనకి భయం!"

లెయిడా నవ్వింది. సల్మెకు నవ్వు రాలేదు. లెయిడా కోటుకు పట్టిన పొగ ఏ పొయ్యిదో తనకు తెలియదు. ఆ వారం పిండిలో కావాలనే ఉప్పు గుమ్మరించింది.

"ఉప్పు కషాయం. అయినా ముక్క మిగల్చలేదు," అని చెప్పింది లెయిడా, తిరిగొచ్చాక. సల్మెకు సిగ్గేసింది. మంట మాత్రం చల్లారలేదు.

1949 ఫిబ్రవరిలో సల్మెను మిలీషియా ఆఫీసుకు పిలిచారు. అధికారి ఎస్టోనియావాడే.

"మీవాడికి తిండి అందుతోంది. మంచులో అడుగులు ఆడదానివి," అన్నాడు. "ఇంత చలిలో అంత దూరం పోయి, రొట్టె ఒక్కటే ఇచ్చి వస్తుందంటావా? పేరు చెప్పి ఇంటికి పో."

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అధికారి ముందున్న కాగితం మీద ఎవాల్డ్ పేరు పక్కన లెయిడా పేరు ఎక్కుతుంది. ఇక శాశ్వతంగా అక్కడే ఉంటుంది. ఆ ఊహకే సల్మె ఆ పేరు మింగేసింది.

"నేనే," అంది.

"నీ గుమ్మం ముందు మా మనిషి ఉన్నాడుగా!"

"తాగి పడుకుంటాడు మీవాడు. నా మొగుడికి నేను కాక ఎవతి మోస్తుంది?"

పదేళ్లు వేశారు. సైబీరియాలో కలప కోస్తూ, ఎవాల్డ్ దాక్కున్న, తను ఎన్నడూ చూడని అడవి గుంత గురించి, తను కత్తిరించని గడ్డం గురించి తోటి ఖైదీలకు కథలు కథలుగా చెప్పేది.

ఏడేళ్లకు వదిలిపెట్టారు. ఆమె ఇంట్లో ఎవరో ఉంటున్నారు. లెయిడాయే తన గడప ఎక్కించుకుంది.

"నువ్వెళ్లిన రెండో చలికాలం జ్వరంతో పోయాడక్కా. అక్కడే పూడ్చాం. ఆనవాలు పడతారని రాయి కూడా పెట్టలేదు."

"దగ్గర నువ్వున్నావా?"

"ఉన్నాను."

"నన్ను తలిచాడా?"

"రోజూ. వినలేక ఒకసారి అరిచేశాను. ఆవిడ ఇక్కడ లేదు, ఉన్నది నేనూ అని." లెయిడా తల వంచుకుంది. "నీ మీద ఎంత కుళ్లుకున్నానో నీకేం తెలుసు? ఆయన కోసం జైలుకెళ్లే భాగ్యం కూడా నీకే దక్కింది."

సల్మె లేచి ఇద్దరి గిన్నెల్లోనూ బంగాళదుంపలు వడ్డించింది.

తెల్లారాక అడవిలో అతన్ని పూడ్చిన చోటికి బయల్దేరారు. లెయిడా ముందు నడుస్తోంది. కొంత దూరం పోయాక సల్మె ఆగింది.

"నువ్వు వెనక రా. ఎటు తిరగాలో చెప్పు, చాలు."

లెయిడా పక్కకు తప్పుకుంది. "వాగు దాటి ఎడమకి," అంది.