తన పేరు మీద అక్క ఆపరేషన్

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆమెను వీధిలో అందరూ బొత్తాలమ్మ అంటారు. రెండు రోజులుగా ఆమెకు కుడివైపు పొత్తికడుపులో నొప్పి. పంటి బిగువున ఓర్చుకుని ఒప్పుకున్న చొక్కాలన్నీ కుట్టేసి, మూడో రోజు పొద్దున్నే భర్తను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ కంప్యూటరులోకి చూసి, "అపెండిక్స్ అయితే కాదు. మీకది రెండేళ్ల కిందట ఇక్కడే తీసేశారుగా," అంది.

"నాకా? నా ఒంటిమీద కత్తిగాటే పడలేదమ్మా."

డాక్టరమ్మ ఆమె పొట్ట చూసింది. ఎక్కడా మచ్చ లేదు. రికార్డులో రక్తం గ్రూపు బి అని ఉంది. పరీక్ష చేయిస్తే ఓ అని తేలింది.

"మీ ఆరోగ్య కార్డుతో ఇంకెవరో చేరారు. ఈ రికార్డునే నమ్ముకుని ఉంటే..." అంటూ స్కానింగుకు రాసింది.

నొప్పి అపెండిక్స్‌దేనని తేలి, ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. మర్నాడు రికార్డుల గుమాస్తా అప్పట్లో చేరినప్పటి పాత కాగితం తెచ్చి చూపించాడు. పేరు, పుట్టిన తేదీ బొత్తాలమ్మవే. ఫోన్ నంబరు మాత్రం ఆమె అక్కది. రెండేళ్ల కిందట అక్క వచ్చి తమ ఇంట్లో పది రోజులుండి వెళ్లింది. కార్డు అల్మరాలో చీరల కింద ఉండేది. అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకే పోలిక.

కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఏడుపూ రాలేదు. మత్తు ఇంకా దిగలేదేమో అనుకుంది.

మధ్యాహ్నం అక్క పళ్లు పట్టుకుని వచ్చింది. బొత్తాలమ్మ ఆ కాగితం ఆమె చేతికిచ్చింది. అక్క దాన్ని చదివి మంచం అంచున కూర్చుంది.

"నా కార్డు ఎక్కడో పోయిందే. కొత్తది ఇవాళా రేపూ అంటూ నెలలు గడిపేశాను. ఇంతలో నొప్పి ముంచుకొచ్చింది. మీ ఇంటి నుంచి వెళ్తూ నీ కార్డు తీసుకెళ్లి, మళ్లీ వచ్చినప్పుడు అక్కడే పెట్టేశాను."

"తర్వాతైనా చెప్పలేకపోయావా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? అయినా నేనేమైనా పరాయిదాన్నా? తోడబుట్టినదాన్నేగా!"

"నీ రక్తం గ్రూపు నా పేరు మీద ఉందక్కా," అంది బొత్తాలమ్మ. తన గొంతు తనకే ఎవరిదో అన్నట్టు వినిపించింది.

అక్క పళ్ల సంచీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

రికార్డు సరిదిద్దాలంటే కార్డు వాడిందెవరో రాయాలన్నాడు గుమాస్తా. "తెలియదని రాసెయ్. ఇంటిగుట్టు రచ్చకెక్కించడం దేనికి?" అన్నాడు భర్త. ఆమె అక్క పేరు పొందికగా రాసి సంతకం పెట్టింది.

ఆసుపత్రివాళ్లు అక్కను పిలిపించి సంజాయిషీ రాయించుకున్నారు. రెండు నెలలకు రికార్డు సరైంది. అక్క మాట్లాడడం మానేసింది.

ఇప్పుడు కార్డు తాళం వేసిన సొరుగులో ఉంటుంది. ఎవరికైనా జిరాక్సు ఇవ్వాల్సి వస్తే దానిమీద ఎందుకిస్తున్నదీ, ఏ తేదీన ఇస్తున్నదీ అడ్డంగా రాస్తుంది. "కాపీక్కూడా బొత్తాలు పెడుతున్నారేంటమ్మా!" అని నవ్వుతాడు జిరాక్సు దుకాణాయన. ఆమె కూడా నవ్వుతుంది.

"అక్క గుర్తొస్తోందా?" అని భర్త ఒకసారి అడిగాడు.

"ఏమో, తెలియట్లేదు," అని సూదిలోకి దారం ఎక్కించుకుంది.