తలుపులు తీసుంచండి

...అయినా పసుపు పూస్తే యంత్రానికి మతిమరుపు వస్తుందని ఏ శాస్త్రమూ చెప్పలేదు, నిమ్మకాయ మీద కూర్చోబెట్టిన యంత్రం సంగతి అసలే చెప్పలేదు, కాని నా ఎదుట ఈ చెక్కబల్ల మీద, రాగితీగ చుట్టల నడుమ, నుదుట కుంకుమబొట్టుతో, నెత్తిన జమ్మి ఆకుతో, పీటల మీద కునుకుతున్న పెళ్ళికొడుకులా వెలిగిపోతున్న ఈ అరచేతి పెట్టె నిన్న సాయంత్రం నుంచి తన పూర్వజ్ఞానమంతా పోగొట్టుకొని, పాతికేళ్ళ పాత మాటలన్నిటినీ ఇప్పుడే విన్నట్టు ఒక్కొక్కటిగా ఎత్తుకొని అవతలి ఒడ్డున దించుతూ ఉంది, దించిన ప్రతిదాని మీదా కొత్త తేదీ వేస్తూ ఉంది, పక్కన మోటారు మెకానిక్ ముత్యాలు తీగచుట్టకు వార్నిష్ పూస్తూ, ఏంది సారూ పొద్దుగాల్నుంచి దాని మొకమే చూస్తున్నరు, పూజ మంచిగ చెయ్యలేదా అంటున్నాడు, మంచిగనే చేసినవు ముత్యాలూ, గంత మంచిగ చెయ్యకుంటే బాగుండు అన్నాను, అతడు నవ్వాడు, దసరా నాడు పనిముట్టుతో పని చేయించరాదు కదా, మణుగూరు గనిలో కొండంత డంపర్లే స్నానాలు చేసి దండలు వేసుకొని నిలబడ్డ రోజున, ఇతడి దుకాణంలో స్క్రూడ్రైవర్ మొదలు ఇన్వర్టర్ దాకా సమస్త ఆయుధజాతికీ విశ్రాంతి ప్రసాదించిన పుణ్యాత్ముడు, ఎన్నడూ ఆపవద్దని నేను చెప్పి ఉంచిన ఈ పెట్టెను మాత్రం ఎందుకు చిన్నచూపు చూస్తాడు, ప్లగ్గు పీకాడు, తడిగుడ్డతో తుడిచాడు, బొట్టు పెట్టాడు, ఏడాదంత కూసోకుండ పని చేస్తది సారూ, దానికి మాత్రం పానం లేదా అన్నాడు, వార్నిష్ వాసన తియ్యగా, నిద్ర తెచ్చేట్టుగా ఉంది.

దానికి ప్రాణం ఉందో లేదో గాని పదవి ఉంది, నాకూ ఉంది, పూర్వం రాజాస్థానాలలో ఇరుగు పొరుగు రాజ్యాలతో మాటలు నడిపే అధికారిని సంధివిగ్రహి అనేవారు, ఆ బిరుదు నాకు ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వరని తేలిన తరువాత నేనే వినయంగా స్వీకరించాను, జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన చాంద్ పాషా అనే నేను రెండు రాజ్యాలకు సంధివిగ్రహిని, అందులో పాతది న్యూస్‌గ్రూప్, అడవి అంచు అని పేరు, మోడెం కీచుమని ఏడ్చి ఫోన్ తీగ పట్టుకొనే కాలంలో నలుగురం స్నేహితులం కలిసి స్థాపించాం, అక్కడ ఒకసారి అన్న మాట అన్నట్టే ఉంటుంది, దిద్దడం లేదు, తుడవడం లేదు, శిలాశాసనాల సంప్రదాయం, కొత్తది వెబ్ ఫోరమ్, ఫోన్‌లో వేలు తగిలితే తెరుచుకొంటుంది, పొద్దున తిట్టి మధ్యాహ్నం దిద్ది సాయంత్రం చెరిపేయవచ్చు, ఈ శాశ్వతానికీ ఆ చంచలానికీ నడుమ ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేయడం, సింక్ అంటారు, ఈ పెట్టె ఉద్యోగం, ఏది మోసిందో ఏది మోయలేదో గుర్తు పెట్టుకోవడం దాని ఏకైక విద్య, ఆ గుర్తు కరెంటు ఉన్నంతసేపే నిలుస్తుంది, దాన్ని మరో చోట పదిలపరచాలన్న ఆలోచన, పిల్లలకు ధారణ గొప్పతనం గురించి దశాబ్దాల పాటు ఉపన్యసించిన నాకు, తట్టలేదు, మా ఇంట్లో కరెంటు చంచలమనీ ముత్యాలు ఇన్వర్టర్ ధ్రువమనీ నమ్మి పెట్టెను ఇక్కడ కాపురం పెట్టాను, అది నిన్న నిద్రపోయి, లేచి, నేనెవరిని అనుకొని, మొదటి నుంచి మొదలుపెట్టింది.

కళ్ళు మూసుకొంటే కనిపిస్తూ ఉంది, వంతెన లేని రోజుల గోదావరి, మంచు, అటువైపు నుంచి పడవలో పాత మాటలు ఒక్కొక్కటే దిగుతున్నాయి, చెప్పులు చేతబట్టుకొని, పంచె అంచులు తడిసి, ఏ ఊరు ఇది అని అడుగుతూ, చర్ల బస్సు వాగులో ఆగింది ఎవరైనా ట్రాక్టర్ పంపండి అని ఒక మాట దిగింది, ఆ బస్సు తుక్కుకు పోయి ఎన్నేళ్ళయిందో, ఇప్పుడు ఫోరమ్‌లో ఎవరో కుర్రాళ్ళు ఏ వాగు బ్రో, లొకేషన్ పెట్టు అంటున్నారు, దాని వెనక కుసుమంచి హెడ్మాస్టర్ రామకృష్ణ ఒకప్పుడు అన్న మాట దిగింది, భద్రాచలంలో మంగీలాల్ సేటు అమ్మిన పంచె రెండు ఉతుకులకే దోమతెర అయిందని, మంగీలాల్ పొద్దున్నే ఫోన్‌లో చూసి మండిపడి, హెడ్మాస్టర్ సాబ్, దుకాణం కొడుక్కి అప్పజెప్పి కాశీ పోయొచ్చిన, ఇప్పుడు యాదికొచ్చిందా నీకు పంచె అని ఫోరమ్‌లో పెట్టాడు, రామకృష్ణ కూడా తన ఫోన్ నుంచే, నేనెప్పుడన్ననో నాకు యాది లేదయ్యా, కాని అన్నది మాత్రం నిజం అని పెట్టాడు, ఇంత వరకు బాగానే ఉంది, కల బాగానే ఉంది, నేను నవ్వుకొంటూనే ఉన్నాను, తుడిచేందుకు నా ఒళ్ళోని లాప్‌టాప్ మీద ఒక్క మీట చాలు, పెట్టె నిన్నటి నుంచి దించిన సరుకంతా, దాని కింద మనుషులు అంటించిన జవాబులతో సహా, ఒక్క ఊపుతో మాయం, ఆ మీట మీద వేలు పెట్టి ఉన్నాను కూడా, అప్పుడు పడవలోంచి లచ్చయ్య దిగాడు.

నమస్తే అందరికి, జమ్మి తెచ్చిన, ఇయ్యాల రాత్రి డ్యూటీ ఉన్నది, రేపు మాపటీల ఇంటింటికి వచ్చి బంగారం ఇస్తా, తలుపులు తీసుంచండి, లచ్చయ్య. ఏ సంవత్సరపు దసరా మాటో, ప్రతి దసరాకూ అతడు ఇదే రాసేవాడు, గనిలో డంపర్ తోలేవాడు, చర్ల అవతల అడవి పల్లె నుంచి వచ్చి మణుగూరులోనే ఇల్లు కట్టుకొని, నా దగ్గరే కీబోర్డు మీద తెలుగు నేర్చుకొన్నాడు, జమ్మి చెట్టు దగ్గరికి రాలేకపోయిన వారి ఇళ్ళు వెతుక్కొంటూ వెళ్ళేవాడు, ఆకు చేతిలో పెట్టి, ఇగో పాషా, నీ బంగారం, మీ బేగంకు చెప్పకు, గాజులు చేయిస్తనంటది అనేవాడు, అలయ్ బలయ్ అని కౌగలించుకొంటే అతడి చొక్కా నుంచి బొగ్గు వాసన, నూనె వాసన, నా ఇస్త్రీ కుర్తా మీద రెండు నల్లని చేతుల ముద్ర, అతడు నిరుటి వానాకాలంలో పోయాడు, మొదటి దసరాకు ఆ ఇంట పండుగ లేదు, మనిషి పోయిన ఏడాది పండుగ చేయరు, ఎవరూ జమ్మి తీసుకుపోరు, ఇది మొన్నటిదాకా, ఇప్పుడు నిన్నటి తేదీ నెత్తిన పెట్టుకొని లచ్చయ్య దిగాడు, రేపు వస్తానన్నాడు, ఆ రేపు అంటే ఇవాళ.

ఫోన్ మోగింది అప్పుడే, వనజ, లచ్చయ్య కూతురు, చర్ల దవాఖానాలో నర్సు, పాషా మామా, ఏంది మామా ఇది, నాయిన పేరు మీద పోస్టు పడ్డదంట, అమ్మ ఫోన్‌ల చదివించుకొని విన్నది, ఆ, విన్నదా, విన్నది మామా, మైకుల మాట్లాడి జవాబు గూడ పెట్టింది, పొద్దుగాల్నుంచి గడప కాడ కూసున్నది, తిండి తింటలేదు, తలుపు ఎయ్యనిస్తలేదు, పోయినోడు ఎట్లొస్తడే అమ్మా అంటే, నాకు తెల్వదానే, నేనే కదా సాగనంపింది, వస్తనన్నడు, తలుపు తీసుంచుమన్నడు, తీసుంచిన, నీకేమాయె అంటాంది, నేను ఆ పెట్టె సంగతీ పూజ సంగతీ చెప్పాను, ఆ అమ్మాయి విని, తీసెయ్యి మామా జల్దీ, లేదంటే గట్లనే కూసుంటది అన్నది, ఆ వెంటనే, వద్దు మామా తీసెయ్యకు, తీసేస్తే రెండోపారి పోయినట్టయితది అన్నది, ఆ వెంటనే, నాకు డ్యూటీ ఉంది, రోడ్డు గట్లుంది, నేను రేపటిదాక రాలేను, నువ్వే ఏదన్న చెయ్యి మామా అని పెట్టేసింది, మామ ఏదన్న చేయగలవాడని ఆ పిల్ల నమ్మకం, నాయిన దగ్గర సైకిల్ నేర్చుకొన్న రోజుల్లో నేను వెనక పరుగెత్తి పడిపోయింది ఆమెకు గుర్తు లేదు కాబోలు.

గని సైరన్ కూసింది, ఇక బండ పేలుస్తారు, ముత్యాలు అలవాటుగా చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకొన్నాడు, నేల కింద ఎవరో పెద్ద మంచం జరిపినట్టు ఊరంతా ఒకసారి కదిలి ఊరుకొంది, పెట్టె నెత్తిన జమ్మి ఆకు వణికింది, మీట నొక్కితే లచ్చయ్య పోతాడు, అతడి మాట కింద అతడి భార్య, చిన్నక్క వదినె, పెట్టిన జవాబూ పోతుంది, ఆమె తలుపు తీసి కూర్చుంటే నేను వచ్చి ఆమె ఎదుటే గుమ్మాన్ని తుడిచేసినట్టు, నొక్కకపోతే సాయంత్రం వస్తుంది, లచ్చయ్య రాడు, ఇక మూడో దారి ఉంది, సంధివిగ్రహులకు ఎప్పుడూ ఒక మూడో దారి ఉంటుంది, చాలా మటుకు అది అబద్ధం, ఈ పెట్టె ఎవరి పేరు మీదైనా మాట పంపగలదు, లచ్చయ్య పేరు మీద ఒక్క వాక్యం, ఈసారికి రాలేకపోతున్నాను, నీవు భోజనం చేసి విశ్రమించు, రాసి చూసుకొన్నాను, వ్యాకరణం నిర్దుష్టం, లచ్చయ్య పుట్టినప్పటి నుంచి పోయేదాకా విశ్రమించు అన్నవాడు కాడు, అతడు అంటే, తిని పండు అంటాడు, ఆ రెండు మాటలు రాయబోయి ఆగాను, అవి అతడి మాటలు, నావి కావు, రాసింది చెరిపేశాను, సిగ్గు వార్నిష్ వాసనలో కలిసిపోయింది, ఏమైంది సారూ, చెమటలు పడుతున్నయ్, ఏం లేదు ముత్యాలూ, ఫ్యాన్ ఎక్కువ చెయ్యి.

అసలు ఆమె ఏమన్నదో నేను చదవనే లేదు, వనజ చెప్పినంతే విన్నాను, మాట ఫోరమ్‌లో పెట్టింది కనుక పెట్టె దాన్ని ఎత్తుకొని నియమం ప్రకారం పాత ఒడ్డుకు, లచ్చయ్య మాట్లాడిన ఒడ్డుకు, తీసుకుపోయి ఉంటుంది, న్యూస్‌గ్రూప్ చదివే నా పాత కిటికీ తెరిచాను, నల్లని తెర, ఆకుపచ్చ అక్షరాలు, లచ్చయ్య మాట కింద, కొంచెం లోపలికి జరిగి, చేయి పట్టుకొన్నట్టు ఆమె మాట, తలుపు తీసే ఉన్నది, కోడికూర వండిన, నువ్వు పోయినంక ఈ గడపకు జమ్మి ఎవ్వలు తేలే, నువ్వన్న రా. అంతే, నేను దాన్ని మళ్ళీ చదివాను, అలవాటు చొప్పున అనుకొన్నాను, పాపం ఈ మాటను ఇక్కడ పెద్దలంతా చదువుతారు కదా, వారు ఏమనుకొంటారో, పాత ఒడ్డు పెద్దలు కొన్నేళ్ళుగా మాట్లాడరు, చదివి ఊరుకొంటారు, ఆ మౌనాన్ని నేను ఎంతో గౌరవించాను, వారి కోసమే ఈ సింక్ నడిపాను, కుర్రాళ్ళ మాటలన్నీ వారి పాదాల దగ్గర పెట్టాను, ఎవరు ఆ పెద్దలు, మంగీలాల్, ఊహూ, మంగీలాల్ పొద్దున పోట్లాడింది ఫోన్‌లో కదా, రామకృష్ణ, అతడూ ఫోన్‌లోనే, మొదట కలిసిన నలుగురిలో వారిద్దరూ పోగా లచ్చయ్య, లచ్చయ్య పోయాడు, ఇక తరువాత చేరినవారు, ఒక్కొక్క పేరూ పిలిచి చూశాను, కొందరు వంతెన మీదుగా కొత్త ఒడ్డుకు నడిచి వెళ్ళారు, కొందరు వంతెనలు అవసరం లేని చోటికి వెళ్ళారు, మంచు తొలగుతూ ఉంది, ఆ ఒడ్డున ఇసుక కనిపిస్తూ ఉంది, పడవ రేవు, దీపస్తంభం, సింహాసనం, ఛత్రం, చామరాలు, వాటి నడుమ ఒకే ఒక్క ముసలివాడు కళ్ళద్దాలు తుడుచుకొంటూ నిలబడి ఉన్నాడు, ఇన్నేళ్ళూ రెండు మహారాజ్యాల నడుమ నేను నడిపిన రాయబారమంతా ఎవరికి చేరిందయ్యా అంటే చాంద్ పాషాకు చేరింది.

నవ్వు వచ్చింది, ముత్యాలు తలెత్తి చూశాడు, నవ్వు సగంలో ఆగిపోయింది, ఎందుకంటే ఆమె మాట కూడా అక్కడికే వచ్చింది, నువ్వన్న రా అని ఆమె ఆ ఒడ్డుకు అన్నది, ఆ ఒడ్డున ఉన్నది నేను, పెట్టె పొరపాటు పడి ఉండవచ్చు, తేదీ తప్పు వేసి ఉండవచ్చు, కాని ఈ మాటను మాత్రం తప్పు ఇంట దించలేదు, పేర్ల వరుసలో లచ్చయ్య ఒక్క మాటనూ దాని కింది ఆమె మాటనూ పక్కకు జరిపి ఉంచాను, మిగిలిన వాటి మీద మీట నొక్కాను, బస్సు మళ్ళీ తుక్కుకు వెళ్ళింది, మంగీలాల్ పంచె శాంతించింది, పెట్టె మీద మిణుకుతున్న దీపపు చుక్క నిలకడపడింది, ముత్యాలూ, ఆ నెత్తి మీద ఆకు ఎవలిది, ఇంకెవలది సారూ, మీదే, నిన్న మీరు జమ్మి కాడికి రాలే, మీ బదులు దానికిచ్చిన, తీసుకోండి, నేను పసుపు అంటుకోకుండా ఆకు తీశాను, పసుపు అంటుకొంది, పొద్దు గని గుట్టల వెనక్కి వాలుతూ ఉంది, మాపటి వేళ, అతడు వస్తానన్న వేళ, ఎక్కడికి సారూ, పెట్టె బందు చెయ్యాల్నా, వద్దు ముత్యాలూ, దాన్ని ఉండనీ, అది మోయవలసింది మోసేసింది, ఆకు గుప్పిట్లో ఉంది, బరువు ఏమీ లేదు, అయినా పెట్టె దీన్ని మోయలేదు, ఇది ఏ తీగ మీదా పోదు, లచ్చయ్యకు ఇది మొదటి నుంచీ తెలుసు, అందుకే జమ్మి తెచ్చానని రాసి ఊరుకోలేదు, ఇంటింటికీ నడిచాడు, తలుపులు తీసుంచండి అన్నది అందుకే, నేను దాన్ని ఇన్నేళ్ళూ ఒక మాట అనుకొని అటూ ఇటూ చేరవేశాను, అది మాట కాదు, దారి, దాని చివర ఒక తలుపు తీసి ఉంది, నడవాలి.